కాలయంత్రానికి టికెట్టు

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లోని కాలయంత్రం పెళ్లిపందిట్లోని సీరియల్ బల్బులకు దగ్గరి చుట్టం. అది 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకు పోతుంది, 2504కూ పోతుంది. ఎలాగన్నది దాన్ని తయారుచేసిన ప్రొఫెసర్‌కు తెలిస్తే చాలు. అణుయుద్ధం ముగిశాక భూగర్భంలో బతికే ఆ 2504 మనుషుల ప్రపంచమేమో ఊహలో ఘనం, సెట్టులో పొదుపు. సినిమా 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్లీ విడుదలైంది. అతుకులు మరింత తేటగా కనిపించాయి. కొత్త సినిమా గ్రాఫిక్సును టీజర్ దశలోనే ఉతికి ఆరేసే నడివయసు విమర్శకుడు ఇక్కడ మాత్రం ఈల వేస్తాడు. ఇళయరాజా బాణీ మొదలైతే భౌతికశాస్త్రం సెలవు పెట్టాల్సిందే. పక్కసీట్లో కొడుకు ‘ఇదేం మిషను నాన్నా?’ అంటే, నోరు మూసుకుని చూడమంటాడు.