బీడీల చాట చెప్పుకున్న బతుకు

నేను చాటను. బియ్యం చెరగడానికని అల్లిన నన్ను బీడీల పనిలో పెట్టారు. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, భీమ్‌గల్, కామారెడ్డి, సిరిసిల్ల, దుబ్బాక చుట్టుపట్ల ఏ పల్లెకు పోయినా పొద్దున అరుగుల మీద, వేపచెట్ల కింద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉంటారు. ప్రతి ఒక్కరి ఒళ్లోనూ నాలాంటిదే ఒకటి ఉంటుంది. ఒక మూల తంబాకు, ఒక మూల కత్తిరించిన ఆకు, నడుమ చుట్టిన బీడీలు. ఉత్తర తెలంగాణలో లక్షల ఇళ్లకు పొయ్యి మండింది మా మీద జరిగిన పనితోనే. ఈ మాట నా గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ ఇళ్ల లెక్క ఎవరూ సరిగా చూడలేదని చెబుతున్నాను.

మేదరాయన వెదురు చీల్చి నన్ను అల్లాడు. అంగట్లో కొన్న అమ్మ ఇంటికి తెచ్చి పేడతో అలికి ఎండబెట్టింది, అంచు చుట్టూ పాత చీర పేలిక కుట్టింది. వెదురు సందుల్లోంచి తంబాకు పొడి జారిపోతే ఆ నష్టం ఆమెదే. కంపెనీ వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూచి ఇస్తుంది. తిరిగి వెయ్యి బీడీలు రావాల్సిందే. ఆకు పురుగు తిన్నదయినా, చినిగినదయినా, ఎండి పెళుసుబారినదయినా వెయ్యి వెయ్యే. తక్కువ పడితే తన డబ్బుతో ఆకు కొనుక్కుని లెక్క నింపాలి. పని ఇచ్చేవాడి సరుకులో లోపానికి పనిచేసే మనిషి ఎందుకు కట్టాలో ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆకు నా దాకా రావడానికి ముందే చాలా చేతులు మారుతుంది. ఎండాకాలం నడిమధ్య ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో ఆదివాసులు తెల్లవారకముందే తునికాకు తెంపుతారు. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలను కల్లాల్లో ఆరబోసి సంచులకెత్తుతారు. 1971 చట్టం వచ్చాక ఆ వ్యాపారం ప్రభుత్వం చేతి కిందికి పోయింది, అటవీశాఖే వేలం నడుపుతుంది. తంబాకు కర్ణాటకలోని నిప్పాణి వైపు నుంచి, గుజరాత్ నుంచి వస్తుంది. అడవిలో ఆకు తెంపిన ఆమెకు కట్ట లెక్క. ఇక్కడ బీడీ చుట్టే ఆమెకు వెయ్యి లెక్క. ఇద్దరికీ నెలజీతం అన్నది తెలియదు.

రాత్రే ఆకును తడిపి తడిగుడ్డలో చుట్టి పెడుతుంది అమ్మ. తెల్లవారి వంట అయ్యాక, పిల్లలు బడికి పోయాక కూర్చుంటుంది. ఇనుప రేకు కొలతకు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తుంది. చిటికెడు తంబాకు పోసి, రెండు చేతుల వేళ్ల మధ్య ఒత్తి చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తుంది. ఇదంతా కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. అట్లా వెయ్యిసార్లు. పాతిక బీడీలు ఒక కట్ట అనుకుంటే వెయ్యి అంటే నలభై కట్టలు. వేళ్లు బాగా ఆడే వయసులో కూడా పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా పడుతుంది. మెడ వంచి కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తుంది. తంబాకు ఘాటుకు దగ్గు, కళ్ల మంట, తలతిప్పు. చంటిపిల్ల నా అంచు పట్టుకుని ఆడుకుంటూ ఉంటే ఆ పొడి దాని ముక్కులోకీ పోతుంది. అది నేను దగ్గరగా చూశాను.

తర్వాత కార్ఖానా. అక్కడ వరుసలో నిలబడితే బీడీలను ఏరుతారు. సన్నగా ఉన్నవి, లావుగా ఉన్నవి, దారం వదులైనవి ఛాట్ అని పక్కకు తీస్తారు. ఛాట్ కింద పోయినవాటికి కూలి లేదు, వాటి బదులు మళ్లీ చుట్టి ఇవ్వాలి. అమ్మ కార్ఖానా నుంచి వచ్చిన రోజు నన్ను ఒళ్లోకి తీసుకునే తీరులోనే ఎంత ఛాట్ పోయిందో నాకు తెలిసిపోయేది.

ఇప్పుడు డబ్బు మాట. ఈమధ్య కాలంలో వెయ్యి బీడీలకు చేతికి వచ్చేది మూడు వందల లోపే. అదయినా నెలంతా దొరికితే ఒక తీరు. కంపెనీ నెలకు పది, పన్నెండు రోజులే పని ఇస్తుంది. కొన్ని నెలల్లో ఇంకా తక్కువ. పన్నెండు రోజులు వేసుకున్నా నెలకు మూడు వేల ఆరువందలు దాటదు. ఇందులోంచే దారం, కొనుక్కున్న ఆకు, కార్ఖానాకు పోయి వచ్చే ఖర్చు పోవాలి. మీ ఊరి పాన్ డబ్బాలో బీడీ కట్ట ఎంతకు అమ్ముతున్నారో అడిగి దాన్ని నలభైతో గుణించి చూడండి. పన్నులూ, లారీ కిరాయిలూ, అంగడివాడి లాభమూ తీసేశాక కూడా చుట్టిన చేతికి వచ్చిన వాటా ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది.

పని రోజులు ఎన్ని ఉండాలో నిర్ణయించేది ఆమె కాదు, ఆమె భర్త కాదు, ఊరి పెద్దలు కాదు. అసమానత అని చదువుకున్నవాళ్లు అనేది ఇదేనని నా ఉద్దేశం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండటంతో అది అయిపోదు. ఒకరి నెల ఎట్లా గడవాలో ఇంకొకరు ఎక్కడో కూర్చుని తేల్చడం దానిలో పెద్ద భాగం. 2016లో బీడీ కట్ట మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు కంపెనీలు పని ఆపేశాయి. 2020 లాక్‌డౌన్‌లోనూ ఆగింది. రెండుసార్లూ నేను గోడకు ఆనించి ఉన్నాను. అమ్మ సంఘం లోను కిస్తీ కట్టడానికి ముక్కుపుడక కుదువ పెట్టింది.

ఈ ప్రాంతంలో పెళ్లిచూపుల్లో ఒక ప్రశ్న తప్పక వినిపించేది. "పిల్లకు బీడీలు చేసుడు వస్తదా? రోజుకు ఎన్ని ఎల్తయి? కార్డున్నదా?" కార్డు అంటే పీఎఫ్ కార్డు. అది ఉంటే కట్నం దగ్గర బేరం కాస్త తగ్గేది. ఆడపిల్ల వేళ్ల వేగం ఆమె ఇంటి ఆస్తి పత్రం అయింది. అందుకే పదేళ్లు నిండని పిల్లలకు కూడా తల్లులు ఆకు కత్తిరించడం నేర్పారు. ఆ తల్లులను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఇక తోటికోడళ్ల మాట చెప్పాలి. నా మనసులో ముల్లులా గుచ్చుకున్నది ఇదే. అమ్మకు ఎప్పటి నుంచో పీఎఫ్ కార్డు ఉంది. ఆమె మరిది పెళ్లి 2015లో అయింది. చిన్నామె ఆ ఏడే ఈ ఇంటికి వచ్చింది, తర్వాత వేరుపడి వేరే పొయ్యి పెట్టుకున్నారు, రేషన్ కార్డు కూడా వేరే. అయినా పనికి మాత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఒకే కార్ఖానా, ఒకే ఆకు, ఒకే తంబాకు. చిన్నామె వేళ్లు అమ్మ వేళ్ల కన్నా చురుకు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేసింది. నాలుగు లక్షల మందికి పైగా అందుకున్నారు. అది మంచి పని, ఆ మంచిని నేను తక్కువ చేయను. పని లేని పక్షంలో ఆ డబ్బే మందులయింది, పిల్లల బస్సు చార్జీ అయింది. కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్లకే అని గీత గీశారు. ఆ తేదీ తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఆ గీతకు అవతలే ఉన్నారు.

"అక్కా, నేను చేసేటివి బీడీలు కావా?" అని చిన్నామె ఒకరోజు అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు. "దరఖాస్తు పెట్టినవు గద చెల్లె, వస్తది తీ" అంది. ఆ రాత్రి తన భృతిలోంచి చిన్నామె కొడుకుకు చెప్పులు కొంటానని కూతురితో చెప్పింది. ఒక పేదరాలి లోటును ఇంకో పేదరాలు పూడుస్తూ పోతుంటే ఈ వాడల్లో బతుకు గడుస్తోంది. 2023 ఎన్నికల్లో ఒక పార్టీ ఆ తేదీని తీసేస్తానంది, ఇంకో పార్టీ భృతిని నాలుగు వేలు చేస్తానంది. రెండు మాటలూ ఈ అరుగు మీద విన్నాను.

అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద ఒక్కో వేలూ పెట్టి చూస్తుంది, పడదు. కంటి పాప చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. చూడవచ్చిన చుట్టాలు మాత్రం "మీకేం, గల్ఫ్ డబ్బుతో స్లాబ్ ఇల్లు కట్టిన్రు" అంటారు. ఆ ఇంటి కోసం చేసిన అప్పు, అమ్మ భర్తను గల్ఫ్‌కు పంపడానికి ఏజెంటుకు కట్టిన అప్పు, దానికి నూటికి రెండు రూపాయల వడ్డీ ఎవరికీ కనిపించవు. స్లాబ్ కింద కూర్చునే ఆమె ఆ వడ్డీ కోసం బీడీలు చుట్టింది. గోడలు చూసి ఒక కుటుంబం స్థితిని తేల్చవద్దు. జ్వరం వచ్చిన నాడు డాక్టరు దగ్గరకు అప్పు లేకుండా పోగలుగుతున్నారా అని చూడాలి.

అమ్మ కూతురు గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది. నా పక్కనే కూర్చుని పత్రిక గట్టిగా చదువుతుంది, తల్లికీ వినిపించాలని. ఒకనాడు చదివింది: వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022–23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉంది. 1922 నుంచి ఉన్న లెక్కల్లో ఆదాయంలో వాళ్ల వాటా ఇంత ఎత్తుకు చేరింది ఇప్పుడే. కిందున్న సగం జనాభాకు వచ్చేది ఆదాయంలో 15 శాతం. అమ్మ దారం కొరికి "మనం ఏ సగంల ఉన్నం బిడ్డా?" అంది. పిల్ల తలవంచుకుని పేజీ తిప్పింది.

చట్టాలు లేవని కాదు. ఇంటి దగ్గర చుట్టేవాళ్లు కూడా కార్మికులేనని 1966 చట్టం ఒప్పుకుంది. అరవై ఏళ్ల కిందట అది గొప్ప సంగతి. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. బీడీల మీద సెస్ వసూలు చేసి ఆస్పత్రులు, ఇళ్లు, పిల్లల స్కాలర్‌షిప్పులకు వాడేవారు. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్ రద్దయింది, బీడీల మీద 28 శాతం పన్ను పడింది. కార్మికుల పేరుతోనే వచ్చే ఆ రాబడి అక్కడితో ఆగిపోయింది. 1966 చట్టాన్ని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కలిపేశారు. కొత్త కోడ్‌లో ఇంటి దగ్గరి పనికి పాత రక్షణ ఏమాత్రం తగ్గకూడదు.

బీడీ ప్రాణం తీస్తుంది. నా మీద చుట్టినవే కాల్చి ఊపిరితిత్తులు పాడైన మనుషులు ఈ వాడలోనే ఉన్నారు. బీడీ తాగడం తగ్గాలి, ఈ పని ఒకనాడు పోవాలి. అమ్మ కూడా అదే కోరుకుంటుంది, తన కూతురి చేతికి నన్ను ఇవ్వనని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. కానీ బీడీలు మానాలని పట్నంలో చెప్పేవాళ్లు, బీడీలు చుట్టే ఆడమనిషి రేపు ఏం చేసి తినాలో కూడా చెప్పాలి. కుట్టుమిషన్ శిక్షణ అని మూడు నెలలు నేర్పి సర్టిఫికెట్ ఇస్తే సరిపోదు. కుట్టిన బట్ట కొనేవాళ్లు కావాలి. ఊరికి దగ్గర్లో, పిల్లలను చూసుకుంటూ చేయగల పని, కచ్చితమైన కూలితో కావాలి.

అందాకా అడిగేవి పెద్దవేమీ కావు. నెలకు ఇరవై ఆరు రోజుల పని, లేదా పని ఇవ్వని రోజులకు సగం కూలి ఇవ్వండి. ఆకు పాడైతే ఆ నష్టం కంపెనీ భరించాలి. ఛాట్ తీసేటప్పుడు కార్మికురాలి మనిషి ఒకరు పక్కన ఉండాలి. 2014 ఫిబ్రవరి 28 అన్న గీతను చెరిపేసి, చిన్నామెకూ ఆమె అక్కకు ఇచ్చిన భృతే ఇవ్వండి. మీ నియోజకవర్గంలో బీడీ కార్ఖానా ఉంటే, ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లను ముందుగా ఈ నాలుగు మాటలు అడగండి.