మగజాతికి వచ్చిన కష్టకాలం

కోవిల్‌పట్టి, విరుదునగర్ టీకొట్ల దగ్గర మగజాతి ఆపదలో పడిందని తేలిపోయి చాలా కాలమైంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుళ్లూ రెడ్లూ ఈ దుఃఖాన్ని రెండు భాషల్లోనూ వెళ్లబోసుకుంటున్నారు. 2021 మే నెలలో తమిళనాడులో స్టాలిన్ ప్రభుత్వం మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ తీసేసింది. 2023 సెప్టెంబరులో అర్హులైన గృహిణులకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. మరి మగాడి గతేమిటి? ఈ స్త్రీవాదం ఏ దేశం నుంచి దాపురించింది?

దేశం దాకా పోనక్కర్లేదు, అరుప్పుకోట్టై బస్సెక్కితే చాలు. ఆ పక్కనే ఉన్న సుక్కిలనత్తంలో 1928లోనే పెరియార్ పురోహితుడు లేని ఆత్మగౌరవ పెళ్లి జరిపించారు. 1931లో ఆత్మగౌరవ మహాసభ సాక్షాత్తూ విరుదునగర్‌లోనే జరిగింది. ఆ పెళ్లిళ్లకు చట్టం ముద్ర పడటానికి మాత్రం 1967లో అన్నాదురై రావాల్సి వచ్చింది. సరుకు అచ్చంగా లోకల్.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవల రాశారు. అందులో చెన్నాదేవి అనే పిల్లను రాజు పాలు కానివ్వకూడదని ఒక వంశం వంశమే తెలుగు నేల వదిలి దక్షిణానికి నడిచి వస్తుంది. ఆ పూర్వులను తలచుకుని మీసం మెలేసే మునిమనవలు ఇవాళ తాగిన గ్లాసును వంటింటి దాకా మోయలేకపోతున్నారు.

వాళ్లనీ వీళ్లనీ అనడమెందుకు, 2019 జాతీయ కాల వినియోగ సర్వే చూడండి. రోజులో ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. చేసినవాళ్లలోనూ మగాడి వాటా 97 నిమిషాలు, ఆడదానిది 299. ఈ ప్రాంతపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి పొయ్యి దగ్గర ఇంకో షిఫ్ట్ ఎక్కుతారు. అయినా 2022లో ఒక మంత్రిగారికి వాళ్లు బస్సుల్లో 'ఓసీ'లో, అంటే ఊరికే, తిరుగుతున్నట్టే కనిపించారు.

మగాడికి కష్టాలు లేవని కాదు. సంబంధం కుదరాలంటే జీతం చూపించాలి, సొంతిల్లు చూపించాలి, గుండె పగిలినా కంట నీరు చూపించకూడదు. ఇది నిజమైన బరువే. కానీ దాన్ని నెత్తిన పెట్టింది స్త్రీవాదులు కాదు. నాన్న, మేనమామ, పెళ్లిళ్ల పేరయ్య కలిసి పెట్టారు. 'పెణ్ ఏన్ అడిమైయానాళ్' (ఆడది ఎందుకు బానిసైంది) పుస్తకంలో పెరియార్ మగతనం అనే భావనే నశించాలన్నారు. అంటే ఆ బరువు దింపుతానన్న పెద్దమనిషినే మనవాళ్లు శత్రువుల జాబితాలో వేసుకున్నారు.

పురుషుల హక్కుల సంఘం పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి బాబూ, ఎవరూ కాదనరు. మొదటి తీర్మానం మాత్రం కట్నం పుచ్చుకోబోమని రాయండి. దానికి 1961 నుంచీ చట్టం కూడా తోడుంది.