బీకర్లో జల్లెడ

నేను పుట్టింది పిండి జల్లించడానికి. రేపల్లెలో ఓ ఇంట్లో చాలా సంక్రాంతులకు అరిసెల పిండి నాలోంచే జారింది. చట్రం ఊడి, వల చిరిగాక పాత సామాన్లవాడి బండెక్కి తెనాలి చేరాను. తెనాలిలో పాత లోహానికి ఏ యోగం పడుతుందో చెప్పలేం. అక్కడి సూర్య శిల్పశాల వాళ్లు నట్లు, బోల్టులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహం అలా తయారైందే. నాకూ ఏ దేవుడి కిరీటంలోనో చోటు దొరక్కపోతుందా అనుకున్నాను.

దొరికింది బాపట్లలో ఓ గాజు బీకరు.

బాపట్లలో ఇంజినీరింగ్ చదివే రేపల్లె అమ్మాయి ఒకతె తెనాలిలో నేనున్న పాత సామాన్ల కొట్టుకు వచ్చి, సంచిలోంచి అయస్కాంతం తీసి నాకు ఆనించింది. అంటుకోలేదు.

"ఆ చిరుగుల జల్లెడ ఎందుకమ్మా, పిండికైతే కొత్తది కొనుక్కోరాదూ?"

"పిండికి కాదు బాబాయ్, హైడ్రోజన్‌కి."

ఆయన మారు మాట్లాడకుండా కాటాలో పడేశాడు.

అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని జనం నమ్మకం. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకానికీ అయస్కాంతం అంటదు. నేను ఏ రకమో నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు.

ల్యాబ్‌లో నన్ను ముక్కగా కత్తిరించి, క్లిప్పు తగిలించి, నూటికి 30 పాళ్లు కాస్టిక్ పొటాష్ కలిపిన నీళ్లలో దింపారు. ఎదురుగా నికెల్ రేకు. కరెంటు ఇవ్వగానే దాని మీద హైడ్రోజన్, నా మీద ఆక్సిజన్. దాని బుడగలు నావాటికి రెట్టింపు. చూసేవాళ్లంతా దానివైపే చూస్తారు గానీ, కష్టమైన పని నాది. నీటి నుంచి ఆక్సిజన్‌ను విడదీయడానికే ఎక్కువ వోల్టేజీ ఖర్చవుతుంది. యాసిడ్ పొర వాడే యంత్రాల్లో ఈ పనికి ఇరిడియం పెడతారు. అది ప్రపంచమంతా కలిపినా ఏటా పది టన్నులు కూడా రాదు. క్షారంలో మాలాంటి వాళ్లకు అవకాశముంది. పైపొరలోని క్రోమియం కరిగిపోతే, మిగిలిన నికెల్, ఇనుము కలిసి ఆక్సిజన్‌ను తేలిగ్గా పుట్టించే పొరగా మారతాయి.

నన్ను తూకానికి కొన్న డబ్బు అసలు లెక్కలోదే కాదు. ఖర్చంతా మీటరులో ఉంది. కిలో హైడ్రోజన్‌కి వోల్టుకు 26.6 యూనిట్ల చొప్పున పడుతుంది. కనీసం 1.23 వోల్టులు ఎలాగూ కావాలి. మామూలుగా రెండు దాకా తాగుతాం, అంటే 53 యూనిట్లు. 1.9కి దిగితే కిలోకు రెండున్నర యూనిట్ల పైనే మిగులు. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో శంకుస్థాపన జరిగిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ రోజుకు 1,500 టన్నులు తీయాలని ప్రణాళిక. అక్కడ వోల్టులో పదో వంతు తగ్గితే రోజుకు 40 లక్షల యూనిట్లు. జల్లెడ చవక అని సంబరపడేవాళ్లు ఈ సంగతి చూడరు.

ఓ రోజు ఆ అమ్మాయి రేపల్లె దిగువన సముద్రం వైపు బోరు నీళ్లు సీసాలో తెచ్చింది. మాకు దొరికేవి ఈ నీళ్లే కదా సార్ అంది. సారు వద్దన్నారు. ఉప్పులోని క్లోరైడ్ స్టీలుకు గుంటలు పెడుతుంది. కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది లీటర్ల నీళ్లు చాలు, కానీ శుద్ధమైనవి కావాలి.

కరెంటు పోవడం నాకు ఇంకో గండం. సరఫరా ఆగగానే బీకరు బ్యాటరీలా మారి కరెంటు ఎదురు తిరుగుతుంది, కష్టపడి కట్టుకున్న పొర దెబ్బతింటుంది. ఎండ ఉన్నప్పుడే సోలార్ కరెంటుతో నడిచే హైడ్రోజన్ ప్లాంట్లకూ ఇదే తలనొప్పి.

కొన్నాళ్లకు ద్రావణం పసుపు రంగుకు తిరిగింది, వోల్టేజీ పైకెక్కింది. కరిగిన క్రోమియం రంగది. విషం, సింకులో పారబోయకూడదు. సారు కళ్లద్దాలు సవరించుకుని, "ఏ గ్రేడు తెచ్చావమ్మా?" అన్నారు.

"స్టీలు జల్లెడ సార్."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. తర్వాతి ముక్కకు గ్రేడు చూసి 304 వల కొనమన్నారు. నన్ను మాత్రం తీసేయొద్దన్నారు, చవక స్టీలు ఎంత వేగంగా చెడుతుందో రాసిపెట్టమన్నారు. ద్రావణం మార్చి మళ్లీ కరెంటు ఇచ్చారు. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి నా రీడింగు రాసుకుంటోంది.