అట్ట మీది అమ్మాయి: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

అట్ట మీద నున్న యమ్మాయి నెదురుగా
ఆంబురందు చూచి యడిగినాడు:
"కథలు చెప్పకమ్మ! కథలోన నీవేన?"
"కాదు బాబు! కూలి కాసు లంతె!"

అవతారిక: కుర్రకారు నవలల అట్టల మీద మెరిసే ముఖాలు నిజంగా ఎవరివి? ఈ సందేహం బిర్యానీ దుకాణంలో తీరినట్టు కవి ఊహించాడు. కుర్రవాడూ అమ్మాయీ కల్పితం. విశేషాంశాల్లో వచ్చే అట్టలు మాత్రం నిజం.

ప్రతిపదార్థము: అట్ట మీద = నవల పైఅట్టపై; ఉన్న = ఒక్క పేజీ తిప్పకముందే మనసులో తిష్ఠవేసిన; అమ్మాయిని = పదిహేడేళ్ల నాయికగా చలామణీ అవుతున్న ఆమెను; ఎదురుగా = బల్లకు అవతలి పక్క, జీరకసాంబ బియ్యపు బిర్యానీలో వంకాయ కూర కలుపుకుంటుండగా; ఆంబురందు = పాలారు చెంత, చెన్నై–బెంగళూరు దారిలో, తోళ్లకూ బూట్లకూ బిర్యానీకీ పేరుపడ్డ ఆంబూరులో (గణం కోసం ఊరి పేరు కురచైంది, ప్లేటు కాలేదు); చూచి = పుస్తకాన్నీ మనిషినీ మార్చి మార్చి చూసి, ఆ తొందరలో అట్ట మీది చెంపకు నేతి వేలిముద్ర అంటించి; అడిగినాడు = నోట్లో ముద్ద ఉండగానే అడిగాడు; కథలు చెప్పకమ్మ = బుకాయించకు (అక్కా అనవలసినవాడు తొందరలో అమ్మా అన్నాడు); కథలోన నీవేన = నవలలో రాకుమారుణ్ణి కాదన్నది నువ్వేనా; కాదు బాబు = నేను ఆ పుస్తకమే చదవలేదు; కూలి కాసులు = ఒక పూట ఫొటోకు నిలబడితే ముట్టిన డబ్బు; అంతె = అంతకుమించి నాకూ నీ నాయికకూ చుట్టరికం లేదు.

తాత్పర్యము: బొమ్మ ఆమెది, కథ రచయితది, ప్రేమ పాఠకుడిది. ముగ్గురూ ఒకే అట్ట మీద కలిశారు గాని ఒకరినొకరు ఎరగరు.

అలంకారము: భ్రాంతాపహ్నుతి. ఎదుటివాడి భ్రమను అసలు మాట చెప్పి తొలగించడం దాని లక్షణం. కుర్రవాడి భ్రమ తొలగిందో లేదో కవి చెప్పలేదు. తొలగి ఉండదని వ్యాఖ్యాత అభిప్రాయం.

విశేషాంశములు:

శంక: ఇంత అపరిచయం లోకంలో ఉందా?

సమాధానం: లేకేం! 2005లో వచ్చిన స్టెఫనీ మేయర్ ‘ట్వైలైట్’ అట్ట మీద ఎర్ర ఆపిల్ పట్టుకున్న రెండు చేతులే ఉన్నాయి, ముఖం లేదు. ఆ చేతులు కింబ్రా హికీ అనే మోడల్‌వి. పుస్తకాల షాపుల్లో ఆ నవల పట్టుకున్నవాళ్లకు అవి తన చేతులేనని ఆమే చెప్పుకునేదని పత్రికలు రాశాయి. కోట్లమంది చూసిన చేతులకు యజమాని తనను తానే పరిచయం చేసుకోవలసి వచ్చింది!

శంక: పోనీ, అట్టకు ఎవరైతేనేం?

సమాధానం: జస్టీన్ లార్బలెస్టియర్ ‘లయర్’ (2009) నాయిక నల్లజాతి పిల్ల, పొట్టి జుట్టు. అమెరికా ప్రచురణకర్తలు అట్టకెక్కించింది పొడుగు జుట్టు తెల్ల పిల్లను. రచయిత్రీ పాఠకులూ గొడవ చేశాక అట్ట మారింది. కాబట్టి ఎవరైతేనేం అనడానికి వీల్లేదు. అట్ట మీద ఎవరిని నిలబెడతామో వాళ్లే కథానాయికలని పిల్లలు నేర్చుకుంటారు.

శంక: మన అట్టల మాటేమిటి?

సమాధానం: బాపు (1933–2014) వేసిన అట్టలకు ఈ చిక్కు లేదు, గీతే అక్కడ నాయిక. అందుకే పెళ్లిచూపుల్లో పిల్లను చూసి బాపు బొమ్మలా ఉందంటాం, మనిషిని బొమ్మతో పోలుస్తాం. ఫొటో అట్ట వచ్చాక లెక్క తిరగబడింది. బొమ్మకు మనిషిని వెతుకుతున్నాం.

శంక: వెతికి దొరికితే ఏమి అడగాలి?

సమాధానం: కథ గురించి అడగకూడదు, అది ఆమెకు తెలియదు. పేరు అడగాలి. లోపేజీలో అట్ట డిజైన్ చేసినవారి పేరుంటుంది, ఫొటో తీసినవారి పేరుంటుంది. ఎండలోనో లైట్ల కిందో నిలబడ్డ మనిషి పేరు మామూలుగా ఉండదు. ఆంబూరుకు ఈ న్యాయం కొత్త కాదు. ఇక్కడి ఆడవాళ్లు కుట్టిన బూట్లు సముద్రాలు దాటిపోతాయి. లోపలి అట్ట మీద అచ్చయ్యేది కంపెనీ పేరే. నాల్గవ పాదంలోని ‘కూలి’ అన్న మాటను కవి అందుకే ఆమె నోట పెట్టాడు. సిగ్గుపడి అన్న మాట కాదది, లెక్క చెప్పిన మాట.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు ఇకపై నవల కొన్నప్పుడు ముందు లోపేజీ తిప్పి అట్ట మీది మనిషి పేరు వెతుకుదురు గాక! దొరకనిచో ప్రచురణకర్తకు ఒక ఉత్తరం రాయుదురు గాక!