పాత అంబాసిడర్‌కు తప్పుడు గేరు కొనే విధానం

పాత అంబాసిడర్ గేర్‌బాక్సుకు సామాను కొనబోయేవారు మొట్టమొదట చేయాల్సిన పని, విప్పి తీసిన పాత ముక్కను షెడ్డులోనే వదిలేసి బయల్దేరడం. విజయవాడ ఆటోనగర్‌కైనా, కలకత్తా మల్లిక్‌బజారుకైనా ఉత్తచేతులతోనే వెళ్ళాలి. చేతిలో ముక్క ఉంటే కొట్టాయన దాన్ని అందుకుని పళ్ళు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. "మార్క్ త్రీ అండీ, సెకండ్ గేరు కావాలి" అని నోటిమాటగా అడిగితే చాలు. ఈ బండి 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 రూపంతో మొదలై, 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. మధ్యలో మార్క్ 2, 3, 4 అంటూ పేరు మారినప్పుడల్లా జనం దాన్ని గుర్తుపట్టింది ముందువైపు జాలీని చూసి. జాలీని చూసి గేర్‌బాక్సు చెప్పడమంటే ముఖం చూసి చెప్పుల సైజు చెప్పడమే, అయినా ఆ ధైర్యానికి మన బజార్లలో లోటు లేదు. ఆర్‌సీ బుక్కు కూడా తీసుకెళ్తే మరీ మంచిది. అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది, ఇంజన్ నంబరు ఉంటుంది, గేర్‌బాక్సు ఊసే ఉండదు. ఇన్నేళ్ళలో ఆ బండి ఎన్ని షెడ్లు తిరిగిందో, ఎవరు ఏ పెట్టె తెచ్చి కింద బిగించారో ఏ కాగితమూ చెప్పదు.

రెండో జాగ్రత్త, అసలు ఏది చెడిందో తెలుసుకోకపోవడం. ఆయిల్ దింపేటప్పుడు కింద పళ్ళెం పెట్టకండి, నేల తాగేస్తే పీడా పోతుంది. పళ్ళెంలో పడితే అనవసరపు సాక్ష్యాలు బయటపడతాయి. అయస్కాంతానికి అంటుకొచ్చే రజను ఉక్కుది, అంటే పళ్ళదో బేరింగుదో. అంటుకోకుండా పసుప్పచ్చగా మెరిసేది ఇత్తడి రింగుది. చెవులు కూడా మూసుకోవడం మంచిది. మొదటి మూడు గేర్లలో ఏడ్చిన బండి నాలుగో గేరులోకి రాగానే ఊరుకుందంటే అనుమానం లేషాఫ్టు మీదికి పోతుంది. నాలుగో గేరులో ఇంజను బలం లేషాఫ్టు మీదుగా కాకుండా నేరుగా మెయిన్‌షాఫ్టుకే అందుతుంది మరి. వేసిన గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతుంటే ఆలోచించకుండా గేరే మార్చేయండి. సెలెక్టర్ రాడ్డును పట్టి ఉంచే చిన్న స్ప్రింగూ గోళీ సడలాయేమో చూడటం పిసినారుల లక్షణం.

ఇక కొట్లో. నాలుగు గేర్ల పాత పెట్టెకు ఫస్ట్ గేరు ఇత్తడి రింగు కావాలని అడగండి. ఆ పెట్టెలో సింక్రోమెష్ పై మూడు గేర్లకే, ఫస్టుకు రింగన్నదే లేదు. అయినా "ఉందండీ" అన్న కొట్టు దొరికితే వదలకండి, మిగతా సామానంతా అక్కడే తీసుకోండి. రింగు లోపలి అంచును మాత్రం వెలుతురులో పెట్టి చూడొద్దు. అక్కడ మరచుట్ల లాంటి సన్నని గాట్లు ఉంటాయి. వాటి కొనలు వాడిగా ఉంటేనే రింగు గేరు కోను మీది ఆయిల్ పొరను చీల్చుకుని పట్టుకుంటుంది, రెండు వేగాలనూ ఒకటి చేస్తుంది. కొనలు అరిగి నున్నబడిన రింగు జారుతుంది, గేరు కరకరమంటుంది. అరిగిన రింగే ఎక్కువ తళతళలాడుతుంది కాబట్టి, తళతళనే కొత్తదనానికి గుర్తుగా పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, గేరును ఒంటరిగా కొనడం. గేరు ఒంటరిగా ఎప్పుడూ సరైనదీ కాదు, తప్పూ కాదు. దాని జోడీతో కలిపి చూస్తేనే ఏదో ఒకటి తేలుతుంది. రెండు షాఫ్టుల మధ్య దూరం పెట్టెకు బోరింగ్ చేసిన రోజే తేలిపోయింది. ఒక జతలో 17, 30 పళ్ళున్నాయనుకోండి. మరో జతలో 18, 29. పళ్ళ సైజు ఒకటే, మొత్తం రెండింటికీ 47, కాబట్టి రెండు జతలూ అదే దూరంలో హాయిగా తిరుగుతాయి. ఇప్పుడు ఈ జతలో ఒకటి, ఆ జతలో ఒకటి కలపండి. 18కి 30 కలిస్తే 48, పెట్టెలో పట్టవు. 17కి 29 కలిస్తే 46, పళ్ళు సరిగా అందుకోవు. ఒక్క పన్ను తేడా కంటికి ఆనదు, ఈ పద్ధతి అందం అదే. పళ్ళ వాలు కోణం సంగతి కూడా అడగకండి. లేషాఫ్టు గేర్లు ఒకే దిమ్మగా ఉంటాయి గనక, ఒక పన్ను విరిగితే దిమ్మంతా మార్చమంటారు. మీరు మాత్రం పైది ఒక్కటే మార్చండి. అరిగిన పన్ను మీద కొత్త పన్ను చేసే మోత నెల తిరక్కుండానే వినిపిస్తుంది.

బేరింగులది పెద్ద కథ కాదు. 6206 అని ఉంటే చివరి 06ను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు, బయటి కొలత 62, వెడల్పు 16. 6306కూ రంధ్రం 30యే, బయట మాత్రం 72, వెడల్పు 19. ఇంత తేలిగ్గా తెలిసిపోయేదాన్ని పట్టించుకోవడం మన స్థాయికి తగదు. నంబరు పక్కన ఎన్ అనో సీ3 అనో ఉంటే అదేదో అలంకారం అనుకోండి, బయటి రింగుకు గాడి కావాలని, లోపల ఖాళీ కాస్త ఎక్కువని అవి చెబుతున్నా సరే. పాత ఇంగ్లీషు బళ్ళలో తగిలే ఇంచీ కొలతలు ఇంకా మేలు. 25.4 రంధ్రమున్న బేరింగు 25 షాఫ్టు మీదికి వేలితో తోస్తే వెళ్ళిపోతుంది. అంత సుఖంగా ఎక్కింది కాబట్టి సరైనదేనని బిగించేయండి. తర్వాత అది షాఫ్టు మీదే గిరగిరా తిరుగుతుంది.

ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. పాత ముక్క తీసుకెళ్ళినా అది అరిగిపోయినదే కదా, దాన్ని కొలిస్తే అరిగిన కొలతే కదా వచ్చేది? నిజమే. కానీ అరిగేది మందం, లెక్క కాదు. పన్ను సగానికి అరిగినా ఒక పన్నే, స్ప్లైన్ల సంఖ్య అరవై ఏళ్ళకైనా మారదు. షాఫ్టును కూడా బేరింగు గానీ సీలు గానీ రాసుకోని చోట వెర్నియర్ పెడితే పుట్టిన నాటి కొలత దొరుకుతుంది. క్యాటలాగు చాలదా అంటే, అది బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు సంగతి చెబుతుంది, తర్వాతి షెడ్ల సంగతి దానికి తెలియదు. పెట్టె మీద పోతపోసిన నంబరూ అంతే, ఒకే పోతను రెండు రకాలుగా బోరింగ్ చేసుకోవచ్చు. తలపండిన మేస్త్రీ చేతికి తెలియదా అని మూడో మాట. తెలుస్తుంది. కానీ అటువంటి మేస్త్రీ నోటి వెంట వచ్చే మొదటి మాట "పాతది తెచ్చావా?" అన్నదే. కాబట్టి ఆయన ఈ విధానానికి పనికిరాడు.

ఈ విధానం నచ్చనివారు పాత గేరునూ దాని జోడీనీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళండి. డబ్బివ్వకముందే కొత్తదాని పళ్ళు, స్ప్లైన్లు కౌంటరు మీదే లెక్కపెట్టండి. ఒకసారి బిగించి ఆయిల్ అంటిన గేరును ఏ కొట్టూ వెనక్కి తీసుకోదు.