స్క్రూ లూజు ఎవరికి?

ఆపరేషన్ చేసిన కాలు అంగుళం పొట్టిదైందా? తప్పు మీదే. మీకు షుగర్ ఉంది. ఎముకలు గుల్లబారాయి. వద్దన్నా వినకుండా కాలు కింద మోపారు. పైగా మొదట పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నారట, మీకు తెలియకపోయినా కేసు షీట్‌కి తెలుసు! లాయరు నోటీసు ఇచ్చి చూడండి, జవాబులో ఇవన్నీ వస్తాయి. ప్లేటు దాటి కండలోకి పొడుచుకొచ్చిన స్క్రూ ఊసు మాత్రం రాదు. ఎక్స్‌రే ఎత్తి పట్టుకుంటే మిమ్మల్ని ఇంటికి దింపిన ఆటో డ్రైవరుకే కనబడిందది.

"సంతకం పెట్టారుగా?" అంటారు. పెట్టారు. మీరు స్ట్రెచర్ మీద మూలుగుతుంటే, సిస్టరమ్మ పెన్సిల్‌తో ఇంటూ మార్కు కొట్టిన చోటల్లా మీ బావమరిది గబగబా గిలికాడు. ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట అప్పటికి ఒట్టి చుక్కలే. కోతకు ఒప్పుకున్నవాడు నిర్లక్ష్యానికీ ఒప్పుకున్నట్టేనని వారి ధర్మశాస్త్రం. డిశ్చార్జి సమ్మరీలో 'పరిస్థితి సంతృప్తికరం' అని రాసిచ్చారు. నిజమే, బిల్లు పైసలతో సహా కట్టాకే కదా ఆ కాగితం చేతికిచ్చింది.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఫిర్యాదును 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో పరిష్కరించేందుకు చూడాలని 2019 చట్టం ముచ్చటపడింది. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీలో కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇరవయ్యేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. వెన్ను దగ్గర కత్తి పెడుతూ న్యూరోసర్జన్‌ను తోడు పిలవలేదు. కోటి రూపాయలు ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2009 వచ్చింది. అక్కడ చక్రాల కుర్చీలోంచి తన కేసు తనే వాదించుకున్నాడాయన.

ఇక సాక్ష్యం. ఒక ఎముకల డాక్టరు తప్పు చేశాడని ఇంకో ఎముకల డాక్టరు చెప్పాలి. ఇద్దరూ ఆదివారం ఒకే కాన్ఫరెన్సులో, ఒకే ఇంప్లాంట్ కంపెనీ పెట్టిన భోజనం చేసినవాళ్లే. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ హైదరాబాద్ కేసులోనే. కుడి మోకాలికి బదులు ఎడమ మోకాలు కోశారని చెప్పడానికి ఎంఎస్ ఆర్థో దేనికి?

అతకని ప్రతి ఎముకా నిర్లక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. చేతనైనంతా చేసి, ఫలితం రాకపోతే రోగి ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పే సర్జన్లున్నారు. వాళ్లకు ఈ మాటలు తగలవు. తగిలినవాళ్లు ఈపాటికి ఫైలు తెప్పించి కొత్త పేజీలు రాయిస్తుంటారు.

అందుకే రేపే వెళ్లి కేసు షీట్ నకలు అడగండి. నోటితో కాదు, కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లే.