డి.టి.ఎస్. బోర్డుకు టీకా తాత్పర్యం

మూలము: ఏ.సి. – డి.టి.ఎస్.

అవతారిక: 35 మి.మీ. రీళ్ల కాలంలో ఊరి సినిమా హాలు గేటు మీద వెలసిన వాక్యమిది. కర్త లేడు, క్రియ లేదు. ఏ.సి. శబ్దం మ్యాట్నీలో పనిచేయదు గనుక దాన్ని వదిలి రెండో పదానికి పోతున్నాం.

ప్రతిపదార్థము: డి = డిజిటల్; టి = థియేటర్; ఎస్ = సిస్టమ్స్.

తాత్పర్యము: టిక్కెట్టు రేటు పెరిగింది.

వ్యాఖ్య: 1993లో ‘జురాసిక్ పార్క్’తో పుట్టిన ఈ పద్ధతిలో డిజిటల్ శబ్దం రీలు మీద ఉండదు. బొమ్మకూ పాత ఆప్టికల్ సౌండ్ ట్రాకుకూ నడుమ సన్నగా చుక్కలూ గీతలూ ఉంటాయి. అది టైమ్‌కోడ్. శబ్దమంతా ఆపరేటర్ గదిలో, పక్క పెట్టెలో తిరిగే సీడీలది. రీలుకు వేళ తెలుసు, గొంతు లేదు. సీడీకి గొంతుంది, వేళ తెలియదు. సాంఖ్యుల కుంటి గుడ్డి న్యాయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

పాఠాంతరములు: డాల్బీ డిజిటల్ పాఠం 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో వచ్చింది. అది రీలుకు ఒక పక్కన చిల్లుకూ చిల్లుకూ మధ్య సందుల్లో ఉంటుంది. సోనీ పాఠం చిల్లులకు అవతల, రెండు కొస అంచుల్లో. ఒక్క రీలు మీదే ఇవన్నీ సర్దుకుని కూర్చోగలవు. తాటాకులకూ చిల్లులుండేవి గానీ, వాటి సందులో గ్రంథం రాసిన లేఖకుణ్ణి మేమెరుగం.

శంక: సీడీ మొరాయిస్తే?

సమాధానము: యంత్రం చప్పున ఆప్టికల్ ట్రాకుకు దిగిపోతుంది. ఆట ఆగదు. బోర్డూ మారదు.

విశేషము: ‘5.1’ అనగా తెర వెనక మూడు చానళ్లు, ప్రేక్షకుల చుట్టూ రెండు, ఆపైన ఒక బిందువు. పూర్తి చానల్ 20,000 హెర్ట్జ్ దాకా పోతే బిందువు గారు 120 దగ్గరే ఆగిపోతారు. లెక్క ప్రకారం 5.006 అనాలి, గౌరవార్థం ‘.1’ అన్నారు. అయితేనేం, హీరో నేల మీద కాలు మోపితే ఇనుప కుర్చీ అదిరేది ఈయన వల్లే. పక్క గోడల్లోంచి సన్నగా వాన పడుతుంటుంది, ఎక్కడో దూరాన కుక్క మొరుగుతుంటుంది. సౌండ్ ఇంజనీరు రాత్రుళ్లు మేలుకుని పెట్టినవవి. ఈలల్లో కొట్టుకుపోతాయి. మా మటుకు సరౌండ్ అంటే ఆ వానే.

2012లో ‘బ్రేవ్’తో వచ్చిన డాల్బీ అట్మాస్ నెత్తి మీదా స్పీకర్లు పెట్టింది. 128 దాకా ధ్వనులు, 64 దాకా స్పీకర్ దారులు. దానికి వేరే టీక కావాలి.

గృహ ప్రకరణము: ఇంటి 5.1లో వెనక స్పీకర్లు రెండూ షోకేసులో, టీవీ పక్కనే, బొమ్మల మధ్య ఉంటాయి. వైరు చాలదు, చాలినా హాలు మధ్య నుంచి లాగితే ఇంట్లో ఊరుకోరు.

శంక: ఫైట్లు అదిరిపోతున్నాయి, మాటలు వినబడవేం?

సమాధానము: మాటలు చాలామటుకు సెంటర్ చానల్లో ఉంటాయి. నాయనా, ఆ స్పీకర్ వైరు ఊడింది. టీవీ వెనక చెయ్యి పెట్టి చూడు.